డేటా కదలాలా, ప్రశ్న కదలాలా? వేర్వేరు చోట్ల ఉన్న సైన్స్ డేటాను కలపడానికి ఏ దారి మంచిది

మూడు బృందాలు పంపిన నేల ఉష్ణోగ్రత ఫైళ్ళను ఒకచోట చేర్చి సగటు తీశాం. ఒక స్టేషన్‌కు మైనస్ 41 డిగ్రీలు వచ్చింది. కొలిచిందేమో నడి వేసవిలో. ఫైలు తెరిచి వరుసలు ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే సంగతి తెలిసింది. సెన్సర్ పనిచేయని ప్రతిసారీ ఆ బృందం -999 అని రాసుకుంది. వంద వరుసలకు ఆరేడు అలాంటివే. వాళ్ళ లెక్కలో అది "రీడింగ్ లేదు" అని అర్థం. మా ప్రోగ్రామ్‌కు మాత్రం అది కూడా ఒక ఉష్ణోగ్రతే. దాన్ని సరిచేశాక ఇంకోటి బయటపడింది. మరో బృందం ఫైల్లో రోజు మొత్తంలో అత్యధిక వేడి పొద్దున ఎనిమిదింటికి కనిపిస్తోంది. వాళ్ళు టైమ్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) రాశారు, మిగతా వాళ్ళం స్థానిక సమయంలో రాశాం.

ఫైళ్ళు మాత్రం శుభ్రంగా వచ్చాయి. చెక్‌సమ్‌లు (ఫైలు మారలేదని సరిచూసే అంకెలు) సరిపోయాయి, ఒక్క బైటు తేడా లేదు. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలా అని మేం రెండు నెలలు చర్చించుకున్నాం. ఏ కాలమ్‌కు ఏం అర్థమో మాట్లాడుకోవడానికి ఒక పూట కూడా పెట్టలేదు.

మీరూ ఇప్పుడు అలాంటి చర్చలోనే ఉండి ఉంటారు. ఫైళ్ళు పంపే గ్లోబస్ పెట్టాలా, చాలాచోట్ల ఉన్న ఫైళ్ళను ఒకేచోట చూపే ఐరాడ్స్ పెట్టాలా, జెనోడో అనే ఆన్‌లైన్ భాండాగారంలో వేసేస్తే సరిపోతుందా, లేక డేటా అసలు బయటికే పోకుండా చూడాలా? దేనికదే మంచిదే. మీ పరిస్థితికి ఏది కుదురుతుందన్నదే తేల్చుకోవాలి.

## టూల్ పేరెత్తే ముందు తేల్చుకోవాల్సినవి

డేటా కదలగలదా? అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇదే. దీనికి అడ్డంకులు రెండు: సైజు, అనుమతి.

సైజు సంగతి కాగితం మీద రెండు నిమిషాల్లో తేలిపోతుంది. 10 టెరాబైట్లంటే 80 లక్షల కోట్ల బిట్లు. సెకనుకు 1 గిగాబిట్ లైను మొత్తం మీకే దొరికినా దాదాపు 22 గంటలు పడుతుంది. 100 మెగాబిట్ల లైనైతే తొమ్మిది రోజులు దాటుతుంది. లైను మొత్తం మనకే ఎప్పుడూ దొరకదు కాబట్టి నేను ఈ లెక్కను ఎప్పుడూ రెండింతలు చేసుకుంటాను. ఎం87 గెలాక్సీలోని కృష్ణబిలం చిత్రాన్ని 2019 ఏప్రిల్‌లో అందరం చూశాం. దానికోసం 2017 ఏప్రిల్‌లో ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్ బృందం సేకరించిన డేటా దాదాపు 5 పెటాబైట్లు, అంటే 5 వేల టెరాబైట్లు. అది ఇంటర్నెట్‌లో పోలేదు. హార్డ్ డిస్కుల్లో నింపి విమానాల్లో తెచ్చారు. దక్షిణ ధ్రువం దగ్గరి డిస్కులైతే అక్కడి చలికాలం అయిపోయేదాకా ఆగాల్సి వచ్చింది, ఎందుకంటే ఆ నెలల్లో అక్కడికి విమానాలు తిరగవు. అంత పెద్ద బృందమే డిస్కులు మోసుకెళ్ళింది, మనం మోస్తే చిన్నతనమేమీ కాదు.

అనుమతి సంగతి ఇంత తేలిగ్గా తేలదు. రోగుల రికార్డులు, జన్యు డేటా లాంటివి పంపడానికి రెండు సెకన్లే పట్టినా, పంపే హక్కు మీకు లేకపోవచ్చు. యూరప్‌లో 2018 మే నుంచి జీడీపీఆర్ అనే వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అమల్లో ఉంది. మిగతాచోట్ల కూడా ఏదో ఒక చట్టమో, సమ్మతి పత్రమో అడ్డు ఉంటుంది. ఆ పత్రంలో రోగి దేనికి ఒప్పుకున్నాడో ఈరోజే తీసి చదవండి. ప్రాజెక్టు సగానికొచ్చాక చదివితే తలప్రాణం తోకకొస్తుంది.

ఎంత తరచుగా మారుతుంది? పూర్తయిన ప్రయోగం ఫలితాలు వేరు, ప్రతి పది నిమిషాలకూ వచ్చే సెన్సర్ రీడింగులు వేరు. మొదటివాటికి ఒక కాపీ చాలు. రెండోవాటికి కాపీ తీసేలోపే అది పాతబడిపోతుంది.

అర్థాన్ని ఎవరు కాపాడతారు? యూనిట్లు, టైమ్‌జోన్, లేని విలువకు గుర్తు, పరికరం పేరు, కాలిబ్రేషన్ (పరికరాన్ని సరిచూసిన) తేదీ, ఏ వెర్షన్ అన్నవి డేటాతోపాటు ప్రయాణించాలి. నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే అంతరిక్ష నౌకను 1999లో పోగొట్టుకున్నది యూనిట్ల దగ్గరే. ఒక సాఫ్ట్‌వేర్ పౌండు లెక్కలో ఇచ్చిన సంఖ్యల్ని ఇంకో సాఫ్ట్‌వేర్ న్యూటన్ లెక్కలో చదువుకుంది. జీవశాస్త్రంలోనూ ఇలాంటిదే జరిగింది. SEPT, MARCH అక్షరాలతో మొదలయ్యే జన్యువుల పేర్లను స్ప్రెడ్‌షీట్ తేదీలుగా మార్చేస్తుంటే చివరికి 2020లో జన్యువుల పేర్లే మార్చుకోవాల్సి వచ్చింది.

ప్రాజెక్టు డబ్బు అయిపోయాక ఎవరు నడుపుతారు? ఈ ప్రశ్న వేస్తే మీటింగ్‌లో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అయినా అడగండి. సర్వర్‌కు అప్‌డేట్లు వేయాలి, డిస్కు నిండితే చూసుకోవాలి, పాస్‌వర్డ్ మరిచిపోయిన విద్యార్థికి జవాబివ్వాలి. ఈ పని ఫలానా మనిషిది అని పేరు రాయలేకపోతే, సర్వర్ కావాల్సిన దారులన్నీ ఇక్కడే కొట్టేయండి.

2016లో వచ్చిన ఫెయిర్ సూత్రాల పేరు మీరు వినే ఉంటారు. డేటా దొరకాలి, అందాలి, ఇతర డేటాతో కలవాలి, మళ్ళీ వాడుకునేలా ఉండాలి అని వాటి సారం. ఫెయిర్ అంటే అందరికీ తెరిచి పెట్టడం అని చాలామంది అనుకుంటారు. అది కాదు. తాళం వేసిన డేటా కూడా ఫెయిర్‌గా ఉండొచ్చు. అలాంటి డేటా ఉందనీ, దాన్ని ఎవరిని ఎలా అడగాలో బయటికి తెలిస్తే చాలు.

## దారి 1: ఫైళ్ళను పంపేయడం

అన్నిటికంటే పాతది, ఇప్పటికీ ఎక్కువమందికి సరిపోయేదీ ఇదే. రెండు మూడు చోట్ల మధ్య, కొన్ని వందల గిగాబైట్ల వరకు ఆర్‌సింక్ అనే ప్రోగ్రామ్ చాలు. 1996 నుంచి ఉంది. మారిన భాగాల్నే పంపుతుంది, మధ్యలో ఆగినా మళ్ళీ నడిపితే మిగిలినది అందుకుంటుంది.

టెరాబైట్లలోకి వెళ్తే, అదీ ఖండాల మధ్య అయితే, ఇబ్బంది మొదలవుతుంది. దూరం పెరిగేకొద్దీ ఒక్క ప్యాకెట్ పోయినా మామూలు కనెక్షన్ వేగం బాగా పడిపోతుంది, మళ్ళీ పుంజుకోవడానికి సమయం పడుతుంది. గ్లోబస్ లాంటి సేవలు ఒకేసారి చాలా కనెక్షన్లు తెరిచి పంపుతాయి, చెక్‌సమ్ సరిచూస్తాయి, తెగిపోతే వాటంతటవే మళ్ళీ మొదలుపెడతాయి. రాత్రి పని అప్పజెప్పి ల్యాప్‌టాప్ మూసేసి పడుకోవచ్చు. ఆ టెన్షన్ పోవడమే నా దృష్టిలో పెద్ద లాభం.

ఈ దారిలో చిక్కంతా కాపీలతోనే. ఆరు నెలలకు నాలుగు చోట్ల నాలుగు ఫోల్డర్లు ఉంటాయి, ఒకదానిలో "ఫైనల్", ఇంకోదానిలో "ఫైనల్ కొత్తది". ఏది అసలుదో ఎవరికీ తెలియదు. దీనికి నేను పాటించే నియమం ఒక్కటే: అసలు కాపీ ఒకచోటే ఉండాలి, మిగతా చోట్ల చదవడానికి మాత్రమే అనుమతి ఉండాలి. కమాండ్ లైన్ అంటే భయం లేని బృందమైతే డేటాలాడ్ అనే సాఫ్ట్‌వేర్ వాడి చూడండి. పెద్ద ఫైళ్ళు వాటి చోటే ఉంటాయి, ఏ వెర్షన్ ఎప్పుడు మారిందన్న చరిత్ర మాత్రం గిట్‌లో (మార్పుల చరిత్రను దాచే సాఫ్ట్‌వేర్‌లో) ఉంటుంది.

## దారి 2: రిపాజిటరీలో పెట్టడం

రిపాజిటరీ అంటే డేటాను భద్రపరిచి ఇతరులకు అందించే ఆన్‌లైన్ భాండాగారం. పని పూర్తయి, డేటా ఇక మారదనుకుంటే దీన్ని మించింది లేదు. యూరప్‌లోని భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం సెర్న్ నడిపే జెనోడో 2013 నుంచి ఉంది. ఒక్కో రికార్డుకు మామూలుగా 50 గిగాబైట్ల దాకా తీసుకుంటుంది, డీఓఐ (మారని గుర్తింపు సంఖ్య) ఇస్తుంది, డబ్బు అడగదు. డ్రయాడ్, ఫిగ్‌షేర్ కూడా ఇలాంటి రిపాజిటరీలే, డబ్బు నియమాలు మాత్రం వేరు. హార్వర్డ్‌లో పుట్టిన డేటావర్స్‌ను మీ సంస్థే సొంతంగా పెట్టుకోవచ్చు.

కానీ వీటిలో వేసే ముందు మీ రంగానికంటూ ప్రత్యేక రిపాజిటరీ ఉందేమో చూడండి. ప్రొటీన్ల ఆకృతులకు 1971 నుంచి ప్రొటీన్ డేటా బ్యాంక్ ఉంది. జన్యు క్రమాలకు అమెరికాలోని జెన్‌బ్యాంక్, యూరప్‌లోని ఈఎన్‌ఏ, జపాన్‌లోని డీడీబీజే ఉన్నాయి. ఈ మూడూ రోజూ డేటా ఇచ్చిపుచ్చుకుంటాయి కాబట్టి ఎక్కడ వేసినా మూడు చోట్లా కనిపిస్తుంది. ఇలాంటి చోట్ల ఫారం నింపడం విసుగ్గా ఉంటుంది. ఏ జీవి, ఏ కణజాలం, ఏ పరికరం అని అడుగుతూనే ఉంటారు. ఆ విసుగు వల్లే మీ డేటా ఇంకొకరి డేటాతో కలవగలుగుతుంది. అన్నీ కలిపి జిప్ చేసి ఎక్కడో పడేసిన డేటా దొరుకుతుందే గానీ కలవదు.

రోజూ పెరిగే డేటాకు ఇది పనికిరాదు. అందులో ఒక ముక్క కావాలన్నా చాలాచోట్ల ఫైలు మొత్తం దింపుకోవాల్సిందే. లైసెన్స్ పెట్టడం మాత్రం మరవకండి. లైసెన్స్ లేని డేటాను జాగ్రత్తపరులెవరూ ముట్టుకోరు.

## దారి 3: డేటా ఎక్కడిదక్కడే, కేటలాగ్ ఒకటే

ఏ ఫైలు ఎక్కడుందో రాసి పెట్టుకునే పట్టికే కేటలాగ్. డిస్కులు పది చోట్ల ఉన్నా వాడేవాళ్ళకు ఒకే పెద్ద ఫోల్డర్‌లా కనిపించేలా చేసే వ్యవస్థలివి. ఐరాడ్స్‌లో నియమాలు రాసి పెట్టొచ్చు: కొత్త ఫైలు రాగానే చెక్‌సమ్ తీయి, రెండో చోట కాపీ పెట్టు, పరికరం పేరును మెటాడేటాలో (డేటా గురించిన వివరాల్లో) చేర్చు. మనిషి మరిచిపోయినా వ్యవస్థ మరిచిపోదు.

ఇంకా పెద్దదైన రూసియో అనే వ్యవస్థ సెర్న్‌లోని అట్లాస్ కణ భౌతికశాస్త్ర ప్రయోగం కోసం పుట్టింది. ఇది ఎక్సాబైటు (వెయ్యి పెటాబైట్లు) దాటిన డేటాను ప్రపంచమంతా ఉన్న కేంద్రాల మధ్య చూసుకుంటోంది. "ఈ డేటాసెట్‌కు వేర్వేరు ప్రాంతాల్లో రెండు కాపీలు ఉండాలి" అని చెప్తే చాలు, ఎక్కణ్ణుంచి ఎక్కడికి పంపాలో అదే తేల్చుకుంటుంది.

వినడానికి ఆశగా ఉంటుంది. ఐదుగురున్న బృందానికి మాత్రం ఇది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. పూర్తికాలం చూసుకునే ఇంజినీరు లేకుండా వీటి జోలికి వెళ్ళొద్దు. కేటలాగ్ డేటాబేస్ పాడైతే డిస్కుల మీద ఫైళ్ళున్నా ఏది ఎక్కడుందో తెలియని పరిస్థితి వస్తుంది. కాబట్టి దానికి వేరే బ్యాకప్ ఉండి తీరాలి.

ఇదే ఆలోచనకు తేలికైన రూపం కూడా ఉంది. జీవవైవిధ్య డేటా కోసం 2001లో మొదలైన జీబీఐఎఫ్ అనే అంతర్జాతీయ వ్యవస్థను చూడండి. మ్యూజియంలు, హెర్బేరియంలు (ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోట్లు) తమ డేటాను తమ దగ్గరే ఉంచుకుని, డార్విన్ కోర్ అనే ఉమ్మడి కాలమ్ పేర్లతో ప్రచురిస్తాయి. మధ్యలో ఉన్న సూచిక వాటిని సేకరించి వెతుక్కునేలా చేస్తుంది. అలా 200 కోట్లకు పైగా నమోదులు ఒకేచోట వెతకడానికి దొరుకుతున్నాయి. జాతి పేరు, తేదీ, అక్షాంశం, రేఖాంశం ఏ కాలమ్‌లో ఎలా రాయాలో అందరూ ముందే ఒప్పుకోవడమే దీని బలం. సర్వర్ల కంటే ఆ ఒప్పందాన్నే నేను ఎక్కువ మెచ్చుకుంటాను.

## దారి 4: కావాల్సిన ముక్క మాత్రమే తెచ్చుకోవడం

వాతావరణం, సముద్రాలు, ఉపగ్రహ చిత్రాల డేటాకు ఇది సహజంగా కుదురుతుంది. సముద్ర శాస్త్రవేత్తల అవసరం నుంచి పుట్టిన ఓపెన్‌డాప్‌తో, సర్వర్ మీదున్న పెద్ద ఫైల్లోంచి ఈ ప్రాంతం, ఈ నెలలు, ఈ ఒక్క వేరియబుల్ అని అడిగి అంతవరకే దింపుకోవచ్చు. క్లౌడ్‌లో పెట్టేవాళ్ళు ఇప్పుడు జార్ ఫార్మాట్ వైపు వెళ్తున్నారు. అందులో డేటా చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది, కావాల్సిన ముక్కల్నే చదువుతాం.

ముక్కల్ని ఎలా కోశామన్నది ఇక్కడ చాలా ముఖ్యం. 40 ఏళ్ళ రోజువారీ ఉష్ణోగ్రతలున్నాయనుకోండి. రోజుకో ముక్క చొప్పున, ప్రతి ముక్కలో ప్రపంచ పటమంతా ఉండేలా కోశారనుకుందాం. ఒక రోజు పటం గీయాలంటే ఒక ముక్క తెరిస్తే చాలు, క్షణంలో పని అయిపోతుంది. కానీ ఒకే చోట 40 ఏళ్ళ మార్పు చూడాలంటే దాదాపు 14,600 ముక్కలు తెరవాలి, ప్రతిదాంట్లోంచి ఒక్క సంఖ్య తీసుకోవాలి. అదే డేటా, అదే సర్వర్, ఒకరికి స్వర్గం, ఇంకొకరికి నరకం. మీ వాళ్ళు ఎక్కువగా అడిగేది పటాలా, కాలక్రమాలా అని ముందే కనుక్కుని కోయండి. ఇద్దరూ ఉంటే రెండు రకాలుగా రెండు కాపీలు ఉంచడం దండగేమీ కాదు.

క్లౌడ్ అయితే బయటికి దింపుకునే ప్రతి గిగాబైటుకూ డబ్బు కట్టాల్సి రావొచ్చు. ఆ బిల్లు ఎవరి పేరున వస్తుందో డేటా ఎక్కించే ముందే రాసుకోండి.

## దారి 5: డేటా కదలదు, ప్రశ్న కదులుతుంది

ఆరోగ్య డేటాకు చాలాసార్లు మిగిలేది ఇదే దారి. మూడు ఆసుపత్రుల్లోని రోగుల సగటు రక్తపోటు కావాలనుకోండి. ఏ రోగి రికార్డూ బయటికి రానక్కర్లేదు. ప్రతి ఆసుపత్రీ తన మొత్తాన్ని, రోగుల సంఖ్యను పంపితే చాలు, సగటు తేలిపోతుంది. క్లిష్టమైన గణాంక నమూనాలు కూడా ఇలాగే, చాలా విడతల్లో, నడపొచ్చు. డేటాషీల్డ్ అనే సాఫ్ట్‌వేర్ చేసేది ఇదే. ఒక గుంపులో మరీ తక్కువమంది ఉంటే జవాబు ఇవ్వకుండా ఆపుతుంది కూడా. ఒక్క రోగే ఉన్న గుంపుకు సగటు ఇస్తే ఆ మనిషి రికార్డు ఇచ్చేసినట్టే కదా.

దీనికోసం ప్రతిచోటా డేటా ఒకే ఆకారంలో ఉండాలి. అందుకే ఓమాప్ (OMOP) లాంటి ఉమ్మడి డేటా నమూనాలు వచ్చాయి. ఒక ఆసుపత్రి సొంత కోడ్‌లను ఆ నమూనాలోకి మార్చడమే ఈ దారిలో అసలు ఖర్చు. ఒక వైద్యుడు, ఒక డేటా మనిషి పక్కపక్కన కూర్చుని చేయాల్సిన పని అది.

నన్ను భయపెట్టేది ఇక్కడే ఉంది. మొదట చెప్పిన ఆ -999 గుర్తుంది కదా. ఫైలు చేతిలో ఉంది కాబట్టి తెరిచి చూశాం, దొరికింది. ఈ దారిలో మనకు వచ్చేది మొత్తం, సంఖ్య అంతే. వరుసలు కనిపించవు. పైగా మా అదృష్టం కొద్దీ మైనస్ 41 లాంటి అడ్డదిడ్డమైన జవాబు వచ్చింది. అదే వందకు ఒక్కటే -999 ఉండి ఉంటే 25 డిగ్రీల సగటు 15 దగ్గరికి దిగేది. ఎవరికీ అనుమానం రాదు, నేరుగా పేపర్‌లోకి వెళ్ళిపోతుంది. కాబట్టి ఈ దారి ఎంచుకుంటే ప్రతిచోటి నుంచీ ముందుగా కనిష్ఠం దగ్గర్లోని విలువలు ఎలా ఉన్నాయో, ఖాళీలెన్నో, యూనిట్ ఏమిటో చెప్పే నాణ్యతా నివేదిక తీసుకోండి. అది చూడకుండా ఏ విశ్లేషణా నడపొద్దు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| | ఫైళ్ళు పంపడం | రిపాజిటరీ | ఉమ్మడి కేటలాగ్ | ముక్క తెచ్చుకోవడం | ప్రశ్నను పంపడం |
|---|---|---|---|---|---|
| ఎంత డేటాకు | టెరాబైట్ల దాకా | గిగాబైట్లు | పెటాబైట్లు, ఆపైన | టెరాబైట్లు, పెటాబైట్లు | ఎంతైనా |
| రోజూ మారే డేటా | కష్టం | కుదరదు | కుదురుతుంది | బాగా కుదురుతుంది | కుదురుతుంది |
| బయటికి ఇవ్వకూడని డేటా | వద్దు | వివరాలు మాత్రమే | కట్టుదిట్టమైన అనుమతులతో | వద్దు | ఇదే సరైంది |
| మొదలుపెట్టడానికి | ఒక రోజు | కొన్ని రోజులు | నెలలు | వారాలు | నెలలు, ఒక్కోసారి ఏడాది |
| నడపడానికి మనుషులు | దాదాపు అక్కర్లేదు | రిపాజిటరీ వాళ్ళే | పూర్తికాలం ఇంజినీరు | సగంకాలం ఒకరు | ప్రతిచోటా ఒకరు |
| తప్పు దొరకడం | తేలిక | తేలిక | తేలిక | ఫర్వాలేదు | చాలా కష్టం |

సమయాలు, మనుషుల అంచనాలు నా అనుభవం మీద వేసినవి. చివరి వరుసను మాత్రం రెండుసార్లు చదవండి, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

## మీరు ఎవరైతే ఏది

పీహెచ్‌డీ విద్యార్థి, లేదా ముగ్గురు నలుగురున్న బృందం: ఆర్‌సింక్ లేదా గ్లోబస్‌తో పని చేసుకోండి, అయిపోయాక మీ రంగపు రిపాజిటరీలో పెట్టండి. సొంత సర్వర్ ఆలోచన వదిలేయండి. మీరు వెళ్ళిపోయాక దాన్ని చూసేవాళ్ళుండరు.

వేర్వేరు ఆసుపత్రులతో పనిచేసేవాళ్ళు: ఐదో దారే. కాకపోతే మొదటి ఆరు నెలలు డేటాను ఒకే ఆకారంలోకి తేవడానికే పోతాయని నిధులిచ్చేవాళ్ళకు ప్రతిపాదనలోనే చెప్పండి. రెండు చోట్లతో మొదలుపెట్టి, అక్కడ సరిగ్గా నడిచాకే మూడోదాన్ని చేర్చండి.

వాతావరణ, ఉపగ్రహ డేటా ఇచ్చే కేంద్రం: నాలుగో దారి. ఏటా ఒకసారి స్థిరమైన వెర్షన్ తీసి డీఓఐ కూడా ఇవ్వండి. లేకపోతే మీ డేటా మీద పేపర్ రాసినవాళ్ళు, రెండేళ్ళ తర్వాత అదే ఫలితం మళ్ళీ తెచ్చుకోలేరు.

మైక్రోస్కోపులు, సీక్వెన్సర్లు రోజంతా డేటా కక్కే పెద్ద సంస్థ: మీకు కేటలాగ్ నిజంగా అవసరం. డిస్కులకు ఎంత ఖర్చు పెడుతున్నారో చూసి, అందులోంచే ఒక మనిషి జీతం పక్కన పెట్టండి.

ఆచరణలో చాలామంది రెండు మూడు దారులు కలిపే వాడతారు. రహస్య రికార్డులు ఆసుపత్రిలోనే ఉంటాయి, వాటి నుంచి తీసిన సారాంశ పట్టికలు రిపాజిటరీకి వెళ్తాయి. అందులో తప్పేం లేదు. ఏది ఏ దారిలో పోతుందో ఒక పేజీలో రాసి ఉంటే చాలు.

ఏ దారైనా సరే, ఒప్పందం మీద సంతకాలు పెట్టే ముందు ఒక పని చేయండి. మీ డేటాలోంచి వంద వరుసలు తీసి అవతలి బృందానికి పంపండి. ఫోన్ చేయొద్దు, ఏమీ వివరించొద్దు. దాంతో ఒక గ్రాఫ్ గీసి పంపమనండి. ఈ కాలమ్ ఏమిటి, ఈ ఖాళీ ఎందుకు, ఈ టైమ్ ఎక్కడిది అని వాళ్ళు అడిగే ప్రతి ప్రశ్ననూ రాసి పెట్టుకోండి. డేటాను వివరించే మీ రీడ్‌మీ ఫైల్లో ముందు రాయాల్సినవి ఆ జవాబులే.